ఎర్ర అట్ట పుస్తకం

జనవరి చివరి వారం, బడి ఇంకా తెరవలేదు.
హోకియాంగా రేవు మీది పొగమంచు
కిటికీ దాకా వచ్చి ఆగింది,
లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు.

నా ముందు పదకొండు పేర్లు.
ప్రతి పేరు పక్కనా ఒక నమోదు సంఖ్య, ఒక తేదీ.
ఆ తేదీ దాటితే
ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతుకైనా
తరగతి గదిలో హక్కు లేదు.

వచ్చిన కొత్తలో నాకిది పట్టలేదు.
ప్రిన్సిపాల్ అంటే పిల్లలూ, పాఠాలూ,
కారే పైకప్పూ అనుకున్నాను.
ఒక మంగళవారం తనిఖీకి వచ్చినావిడ
టెవిటా పేరు మీద వేలు పెట్టి
"ఈయన గడువు నవంబర్లోనే అయిపోయిందే" అంది.
గుర్తుచేసే ఉత్తరం పాత అద్దింటికి వెళ్ళిందట.
అతనేమో ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాడు,
ఒక ఆపిల్‌ని ఎనిమిది ముక్కలు కోసి.
తలుపు తట్టాను.
పిల్లల ముందు ఏమంటాను? "ఒక్క నిమిషం" అన్నాను.
కత్తి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చాడు.
ఆ ఒక్క నిమిషం పంతొమ్మిది రోజులైంది.
మిగిలిన ముక్కలు నేను పంచాను.
ఎనిమిదో వంతులో సగమెంతో చెప్పడానికి
నాకే నాలుక తడబడింది.

తప్పు అతనిదే అన్నారందరూ.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఈ ఎర్ర అట్ట పుస్తకం.
కంప్యూటర్లోనూ ఉంది గానీ
గట్టిగా గాలేస్తే మా ఊళ్ళో కరెంటు పోతుంది.
ఆరు నెలల ముందే ఒక మాట చెవిన వేస్తాను.
మూడు నెలలుందనగా రెండు కప్పుల టీతో ఎదురుగా కూర్చుంటాను.
గ్లెనిస్ బిస్కెట్ డబ్బాలో కాగితాలు తెచ్చింది:
పుట్టింటి పేరు, పెళ్ళి పేరు,
విడాకులయ్యాక మళ్ళీ పుట్టింటి పేరు.
"నేను నేనేనని ఇంకెన్నిసార్లు చెప్పాలి, మెరెపేకా?"
జవాబు లేక ఇంకో బిస్కెట్ ఇచ్చాను.

కొత్తమ్మాయి ఫెతూకి ఇంకా తాత్కాలిక నమోదే.
ఆమె కాగితం మీద నా సంతకం కావాలి.
సంతకం అంటే సిరా కాదు, నేను చూశాననే మాట.
అందుకే గురువారాలు వెనక బెంచీలో
మోకాళ్ళు పట్టని చిన్న కుర్చీలో కూర్చుని
ఆమె ఏ పిల్లవాడి దగ్గర వంగుతుందో,
ఎవరిని దాటిపోతుందో
చూస్తాను.

ఏడో పేరు హేమి టౌటారి.
వడ్రంగం, మావోరి భాష.
గడువు ఏప్రిల్ పద్నాలుగు.
ఇన్నేళ్ళలో ఒక్కసారీ వేళకి కట్టిన మనిషి కాదు.
పార్కింగులో, పడవ రేవులో, చేపల కొట్టు ముందు
ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకునేదాన్ని.
"నేను చచ్చినా వెంటపడతావు నువ్వు" అనేవాడు.

జూలైలో పోయాడు.
ఈ పొద్దున కంప్యూటర్ పంపింది:
మీ ఉపాధ్యాయునికి గుర్తుచేయగలరు.

ఫారంలో ఒక గడి, వెళ్ళిపోవడానికి కారణం.
బదిలీ. పదవీ విరమణ. రాజీనామా.
చిట్టచివర, ఇతరములు.
చాలాసేపు కర్సర్ మిణుకుమంటూ ఉండిపోయింది.
ఇతరములు నొక్కాను.

పుస్తకంలో మాత్రం ఒక గీత గీయాలి.
ఊరికే చేత్తో గీయబోయి ఆగాను.
స్కేలు పెట్టకుండా గీత గీస్తే
ఆయన ఊరుకునేవాడు కాదు.
సొరుగంతా వెతికాను,
గుండుసూదులు, పాత తాళం చెవులు, ఎవరిదో పాలపన్ను,
అన్నిటి అడుగున
ఆయన మిగులు కౌరి చెక్కతో చేసిచ్చిన స్కేలు.
పక్క ఒరుసుకుపోయింది గానీ
అంచు ఇంకా తిన్నగానే ఉంది.

పదకొండు పది అయింది.
బయట టెవిటా కారు చప్పుడు.
తర్వాతి పేరు గ్లెనిస్, మే ఇరవై.
టీకి నీళ్ళు పెట్టాలి.